బుడగల ధ్రువీకరణ

చెంచురామయ్య రాసిన వాక్యంలో ఇరుక్కున్నవాడు బయటపడిన దాఖలా ఇంతవరకు లేదు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఆయన సంపాదించిన పేరు అది. "అయితే" అని మొదలుపెట్టి, "ఒకవేళ" మీదుగా వెళ్లి, "పై షరతులకు లోబడి" దగ్గర కాస్త ఊపిరి పీల్చుకుని, "ధ్రువీకరించిన పిమ్మటే" అని ముగించేవాడు. చదివినవాడికి ఏం చేయాలో తెలిసేది కాదు గానీ, ఏం చేసినా తప్పేనని మాత్రం స్పష్టంగా తెలిసేది. పై అధికారులకు కావలసింది కూడా అదే కాబట్టి చెంచురామయ్య సూపరింటెండెంటు అయ్యాడు. ఆయనకు తన వాక్యాలంటే చెప్పలేనంత ముద్దు. ఒక్కోసారి ఫైలు పంపేసిన తర్వాత కూడా నకలు తీసి మళ్లీ చదువుకునేవాడు.

ఆఫీసులో వచ్చిన విద్య అది. ఇంట్లో వచ్చిన విద్య ఇంకొకటుంది, నల్లద్రాక్ష నిమ్మసోడా. అన్నం వండమంటే గంజి కాచేవాడు, కాఫీ పెట్టమంటే పాలు పొంగించి స్టవ్ ఆర్పేవాడు. కానీ ఎండాకాలం వచ్చిందంటే వంటింట్లో ఆయనే దొర. నల్లద్రాక్ష గుప్పెడు చేత్తో చిదిపి పల్చటి గుడ్డలో వడగట్టేవాడు. నిమ్మకాయను అరచేతి కింద నేలమీద దొర్లించి, మెత్తబడ్డాక కోసేవాడు. చక్కెర వేసి కలిపితే ఆ కలపడంలోనే గ్యాసంతా పోతుందని ముందే పాకం కాచి చల్లార్చి పెట్టుకునేవాడు. అల్లం రసం నాలుగు చుక్కలు, ఉప్పు చిటికెడు. ఆఖరున గ్లాసు ఏటవాలుగా పట్టుకుని, గోళీసోడా అంచు వెంబడి మెల్లగా పోసి, చెంచాతో ఒక్కటంటే ఒక్క తిప్పు తిప్పి, "ఊఁ, తాగు. మాట్లాడకుండా తాగు" అని భార్య చేతికిచ్చేవాడు.

"ఈ ముప్పై ఏళ్లలో నీ చేత్తో నాకిచ్చింది ఏదన్నా ఉందంటే ఇదొక్కటేనయ్యా" అనేది పెంచలమ్మ. చెంచురామయ్య దాన్ని పొగడ్త కింద జమకట్టుకునేవాడు.

ఆ ఏడు చలికాలం చివర్లో పెంచలమ్మకు గొంతు ఆపరేషన్ అయింది. చల్లనిది వద్దు, పుల్లనిది వద్దు, గ్యాసున్నది అసలే వద్దు, గట్టిగా మాట్లాడొద్దు అన్నాడు డాక్టరు. వీధి చివర్నుంచి వినబడే గొంతు ఆమెది. అది తగ్గితే బాగుండునని పదేళ్లుగా లోలోపల అనుకుంటూ వచ్చిన చెంచురామయ్యకు, తీరా ఇల్లు మూగబోయేసరికి భయం వేసింది. ఆ గొంతు మళ్లీ రాదేమోనన్న భయం. ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఆఫీసులో మరింత పొడుగు వాక్యాలు రాశాడు.

సరిగ్గా అప్పుడే రాష్ట్రాన్ని ఒక ఉత్సాహం పట్టుకుంది. సీసాల్లో అమ్మే కూల్‌డ్రింకులు మానేసి, ప్రతి ఇంట్లోనూ పళ్లతో సోడా చేసుకోవాలని పైవాళ్లకు తోచింది. తోచిన వారానికి పథకం, పథకం వచ్చిన పక్షానికి "గృహ ఫలపానీయ ప్రోత్సాహక విభాగం", విభాగానికి జిల్లా ఆఫీసు, ఆఫీసుకు జాయింట్ డైరెక్టర్ మార్తాండరావు గారు. ఆయన చెంచురామయ్యను వెతికి మరీ తెచ్చుకున్నాడు.

"జనానికి సోడా చేసుకోవడం తెలియదు చెంచురామయ్యా. ఒక మాదిరి విధానం రాయండి. సమగ్రంగా ఉండాలి. సమగ్రత లేనిదే సామాన్యుడికి దాహం తీరదు" అన్నాడు మార్తాండరావు.

చెంచురామయ్య తన సోడానే రాశాడు. ద్రాక్ష, నిమ్మ, పాకం, ఏటవాలు గ్లాసు, ఒక్క తిప్పు. రాసి చదువుకున్నాడు. చదువుకుని తెల్లబోయాడు. కాగితం మొత్తం మీద ఎవడూ తప్పు చేయడానికి ఎక్కడా వీల్లేదు. చిన్నపిల్లకు కూడా అర్థమైపోతోంది. అలాంటి కాగితం ఆయన చేతి మీదుగా ఏనాడూ బయటికి పోలేదు. పరువు పోతుందని భయపడి, కింద ఒక వాక్యం చేర్చాడు. "సోడా కలిపిన తదుపరి పానీయమునందు బుడగలు ఉన్నవని సంబంధిత అధికారి స్వయముగా చూచి ధ్రువీకరించిన పిమ్మటే వినియోగించవలెను."

మార్తాండరావు పాకం దగ్గర ఆవలించాడు, అల్లం దగ్గర గడియారం చూసుకున్నాడు. ఆఖరి వాక్యం దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ద్రాక్షపళ్లు ఎవడైనా రాస్తాడు. ఈ విధానం ప్రాణమంతా ఈ వాక్యంలో ఉంది" అన్నాడు.

చెంచురామయ్య ఆ రోజు నేలమీద నడవలేదు.

ఉత్తర్వు వెలువడిన మర్నాడు పొద్దున్నే ఆఫీసు వరండా నిండా ఆడవాళ్లు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. అది నిమ్మకాయల మార్కెట్ ఉన్న ఊరు కావడంతో ఉత్సాహానికి కొదవలేదు. జామకాయ సోడా, దానిమ్మ సోడా, బత్తాయి సోడా. జూనియర్ అసిస్టెంటు ప్రసూన ఒక్కో గ్లాసుకూ నంబరు చీటీ కట్టి, ఒక్కో ఫైలు తెరిచి, గ్లాసును ఫైలు మీద పెట్టి, సెక్షన్ నుంచి సెక్షన్‌కు పంపింది. అవి మార్తాండరావు బల్ల మీదికి చేరేసరికి సాయంత్రం నాలుగయింది. ఆయన ఒక్కో గ్లాసులోకీ తొంగిచూసి ఒక్కో ఫైలు మీదా రాశాడు. "బుడగలు కనిపించలేదు. ఉదయం ఉండి సాయంత్రానికి లేకపోవుటకు కారణము తెలుపవలెను."

చెంచురామయ్య ఆయన గదిలోకి వెళ్లి చేతులు కట్టుకున్నాడు. "సార్, గ్యాసు కదా. దానంతటదే పోయింది."

"ఎవరి అనుమతితో?"

"అనుమతి... లేదు సార్."

"అదీ సంగతి. అనుమతి లేకుండా పోవడం మొదట నమోదు కావాలి. పోయిందని బాధ కాదు చెంచురామయ్యా, పోయినట్టు మన దగ్గర రికార్డు లేదు."

దాంతో ప్రసూనకు బుడగల హాజరు పట్టీ ఒకటి అప్పగించారు. అరగంటకోసారి ప్రతి గ్లాసులో ఎన్ని బుడగలున్నాయో రాయాలి.

"సార్, లెక్కపెట్టేలోపల పోతుండాయి సార్" అంది ఆ అమ్మాయి రెండోరోజు, కళ్లు నులుముకుంటూ.

"ఉజ్జాయింపుగా రాయమ్మా."

"ఉజ్జాయింపుగా ఎన్ని సార్?"

"పోయినవాటికంటే తక్కువ అని రాయి" అన్నాడు చెంచురామయ్య. ఆ మాట తనకే చాలా బాగా నచ్చి, కాగితం మీద పెట్టించాడు.

నాలుగోరోజు బజారువీధి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. "అయ్యా, నా జామకాయ సోడా ఏమైంది? తాగొచ్చా?"

"ధ్రువీకరణ రాలేదమ్మా."

"అది మొన్ననే పులిసిపోయిందయ్యా. చీమలు కూడా తాగేసి పోయినాయి."

"పులిసినా అది పరిశీలనలో ఉన్న పానీయం. మీరు ముట్టుకోకూడదు" అన్నాడు చెంచురామయ్య. ఎంత మర్యాదగా అన్నాడంటే, ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. ఆమె గ్లాసు మాత్రం వెళ్లలేదు. దానిమీద ఫైలు నంబరు ఉంది.

ఇలా కాదని చెంచురామయ్య సవరణలు రాశాడు. గ్లాసు అధికారి దగ్గరికి రావడం కాక, అధికారే గ్లాసు దగ్గరికి వెళ్లాలన్నది మొదటిది. అధికారులు అయిదుగురు కనుక, పైవాడు చూడకముందు కిందివాడు బుడగలను చూడరాదన్నది రెండోది. తనిఖీ కాని సోడా ఎవరైనా దొంగచాటుగా తాగేస్తారేమోనన్న దూరదృష్టితో, ఇంటికి రోజుకు ఒక్క సోడా మించి అమ్మరాదన్నది మూడోది. ఈ మూడో సవరణ రాసినప్పుడు ఆయనకు ఒళ్లు పులకరించింది. ఎక్కడా సందు లేదు.

మార్తాండరావు మెచ్చుకుని, ఈ విధానం ఎంత చక్కగా అమలవుతుందో చూపడానికి ఒక మాదిరి ఇల్లు కావాలన్నాడు.

"నియమం రాసినవారి ఇంటిని మించిన మాదిరి ఏముంటుంది? సోమవారం పదిగంటలకు మేం అయిదుగురం మీ ఇంటికి వస్తున్నాం."

చెంచురామయ్య సంతోషంగా తలూపాడు. ఆ సోమవారం ఏమిటో ఇంటికి వచ్చేదాకా గుర్తుకు రాలేదు.

ఇంట్లో పెంచలమ్మ డాక్టరు చీటీ చేతికిచ్చింది. సోమవారం నుంచి ఏదైనా తాగొచ్చు, ఏదైనా తినొచ్చు అని రాసుంది. ఆమె చిన్న గొంతుతో, మాట మాటకూ ఆగుతూ అడిగింది.

"సోమవారం నాకొక సోడా కలిపియ్యి. ముందు నాకు. గ్యాసు పోకముందు."

"ఇస్తాలే పెంచలా."

"ఇస్తాలే అంటే కాదు. ముప్పై ఏళ్లుగా చూస్తుండా. ఎవరొచ్చినా ముందు వాళ్లకే. వాళ్లు తాగినాక, గ్యాసు పోయినాక నాకు. రెండు నెల్లు ఉప్పులేని జావ తాగినా. ఈ ఒక్క గ్లాసు ముందు నాకియ్యి."

"నా మాట" అన్నాడు చెంచురామయ్య. రెండు సోడాలు తెస్తే సరిపోతుందని ఆయన లెక్క. ఒకటి ఆమెకు, ఒకటి ఆఫీసుకు.

సోమవారం పొద్దున్నే సోడాబండి కాలేషా దగ్గరికి వెళ్లి రెండు అడిగాడు. కాలేషా ఒకటిచ్చాడు.

"ఇంకోటియ్యి కాలేషా."

"ఇంటికి ఒకటే సార్."

"నేనయ్యా. సూపరింటెండెంటుని."

"మీరని తెలుసు సార్. మీ సంతకం ఉన్న కాగితం బండికి అతికించిండారు. నాకు చదవడం రాదు, మా పాప చదివి చెప్పింది. ఇంట్లో జబ్బుమనిషి ఉన్నా, చుట్టాలొచ్చినా, పెళ్లి జరుగుతున్నా ఒకటేనంట. అంత వివరంగా ఎవురు రాసినారో గానీ సార్, గట్టోడు."

చెంచురామయ్య ఆ గట్టివాడిని లోలోపల బండబూతులు తిట్టుకుంటూ ఒక్క సోడాతో ఇంటికి వచ్చాడు.

పదింటికి జీపు వచ్చింది. మార్తాండరావు, వెనక నలుగురు అధికారులు హోదా ప్రకారం వరసగా లోపలికి వచ్చారు. చెంచురామయ్య ద్రాక్షరసం వడగట్టాడు, నిమ్మకాయ పిండాడు, పాకం పోశాడు. గ్లాసు ఏటవాలుగా పట్టుకుని గోళీ నొక్కి సోడా మెల్లగా వంచాడు. ఒక్క తిప్పు. ఊదారంగు నీళ్లలో బుడగలు కిందినుంచి మీదికి గుంపులుగా లేచాయి. ఇన్ని నెలల తర్వాత చేసినా చేయి తప్పలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకు జరిగాడు.

మార్తాండరావు ముందుకు వంగి జేబు తడుముకున్నాడు. "కళ్లద్దాలు జీపులో ఉండిపోయాయి."

జీపు డీజిలు కొట్టించుకు రావడానికి వెళ్లింది.

"పర్వాలేదు, వేచి ఉందాం" అన్నాడాయన. మిగతా నలుగురికీ చూపు బ్రహ్మాండంగా ఉంది. కానీ పైవాడు చూడకముందు చూడకూడదు కనుక, పొరపాటున కంటపడతాయేమోనని నలుగురూ మర్యాదగా కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. మార్తాండరావు ఈలోపు ఇంటింటి సోడా ద్వారా దేశ నిర్మాణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఆ గదిలో బుడగల్ని చూస్తున్నది చెంచురామయ్య ఒక్కడే. గుంపులు పల్చబడ్డాయి. పైన అంచు చుట్టూ చేరినవి ఒక్కొక్కటే పగిలిపోతున్నాయి. తల తిప్పితే వంటింటి గుమ్మంలో పెంచలమ్మ నిలబడి ఉంది. గొంతు మీద కుట్ల మచ్చ దగ్గర చెయ్యి పెట్టుకుని గ్లాసు వైపే చూస్తోంది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆయన నియమం చెప్పి ఉండేవాడు.

చెంచురామయ్య తన వాక్యంలో సందు కోసం వెతికాడు. "సంబంధిత అధికారి" దగ్గర లేదు. "స్వయముగా" దగ్గర లేదు. "పిమ్మటే" దగ్గర అసలే లేదు. ఇరవై తొమ్మిదేళ్లలో ఎంతమందిని లోపలికి తోసి ఉంటాడో, మొదటిసారి తానే లోపల ఉన్నాడు. ఎంత పకడ్బందీగా రాశానో అని ఆ స్థితిలో కూడా ఒక్క క్షణం గర్వం కలిగింది. తర్వాత ఆ గర్వానికి సిగ్గేసింది. బజారువీధి పెద్దావిడ పెట్టిన దణ్ణం గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

దేశ నిర్మాణం రెండో అంచెలో ఉండగా ఆయన గ్లాసు చేతిలోకి తీసుకుని, గది దాటి, భార్య చేతిలో పెట్టాడు.

"ఊఁ, తాగు. మాట్లాడకుండా తాగు."

పెంచలమ్మ మాట్లాడలేదు. నిలబడే, ఆపకుండా, అడుగుదాకా తాగేసింది. ముక్కులోకి గ్యాసు కొట్టి కళ్లవెంట నీళ్లొచ్చాయి. గ్లాసు దించింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత తేన్చింది. అలాంటి ఇలాంటి తేన్పు కాదు. కిటికీ వైపు తిరిగిన నలుగురూ ఉలిక్కిపడి ఇటు తిరిగారు. రెండు నెలలుగా ఆ ఇంట్లో అంత చప్పుడు వినబడలేదు. ఆమెకే నవ్వొచ్చింది. మొదట బొంగురుగా, తర్వాత పాత గొంతుతో, వీధి చివరిదాకా వినబడేలా నవ్వింది. చెంచురామయ్య పై పంచెతో కళ్లు తుడుచుకున్నాడు, ఎవరు చూస్తారన్న బెంగ లేకుండా.

"ఏం జరిగింది?" అన్నాడు మార్తాండరావు.

"మేం చూడలేదు సార్" అన్నారు నలుగురూ.

"నేనూ చూడలేదు, కళ్లద్దాలు లేవు. కానీ ఏదో వినిపించింది."

"వినిపించింది సార్."

"వినికిడి ద్వారా ధ్రువీకరించడానికి విధానంలో అవకాశం ఉందా?"

అందరూ చెంచురామయ్య వైపు చూశారు. "లేదు సార్. 'చూచి' అని రాశాను."

"అయితే మళ్లీ కలపండి."

"సోడా లేదు సార్. ఇంటికి ఒకటే."

అప్పుడు పెంచలమ్మ ఖాళీ గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది.

"రేపు రండయ్యా" అంది.

ఆ మాట వాళ్లు జీవితమంతా అన్నారు గానీ ఎప్పుడూ వినలేదు. తమ దగ్గర ఆ మాట విన్నవాళ్లు ఏం చేస్తారో గుర్తుచేసుకుని, తలలు వంచుకుని, హోదా ప్రకారం వరసగా వెళ్లిపోయారు.

మూడోరోజు చెంచురామయ్యకు మెమో వచ్చింది. ధ్రువీకరణకు ముందే పానీయమును భార్యకు అందజేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెనని, ఇవ్వనిచో ఉద్యోగం విషయమై తగు చర్య తీసుకోబడునని. ఆఫీసంతా ఆయన ఇచ్చే జవాబు కోసం ఎదురుచూసింది. కనీసం ఆరు పేజీలుంటుందని ప్రసూన అంచనా. చెంచురామయ్య ఒక్క లైను రాశాడు. "మా ఆవిడ అడిగింది, ఇచ్చాను."

అందులో ఇరుక్కోవడానికి ఏమీ దొరకక మార్తాండరావు ఒక పూటంతా ఆ కాగితాన్ని తిరగేశాడు. చివరికి వెనక్కి పంపాడు. "అడిగినట్లు ఆధారము లేదు. అడిగినవారి అంగీకారము, తగిన ముద్రతో సమర్పించవలెను."

ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు చెంచురామయ్య. ముద్ర అంటే ఏ ముద్ర? ఇల్లాలికి ముద్ర ఎవరిస్తారు? ఇస్తే ఏ విభాగం ఇవ్వాలి? అలవాటు చొప్పున చెయ్యి కలం వైపు పోయింది. వెనక్కి లాక్కున్నాడు.

పెంచలమ్మ ఆ రోజు సోడా తాగుతూ వచ్చి భుజం మీదుగా చదివింది. "ఇదేందయ్యా! నేనడిగినానని నేనే రాసియ్యాలా? వీళ్లకి పెళ్లాలు లేరా?" అని గట్టిగా నవ్వి, రెండు చేతులా పొట్ట పట్టుకుని నవ్వడానికి వీలుగా గ్లాసు కాగితం మీద పెట్టింది. తీసేసరికి సంజాయిషీ కింద గుండ్రంగా, ఊదారంగులో, ద్రాక్షరసం మరక.

కొత్త కాగితం రాసే ఓపిక చెంచురామయ్యకు లేదు. ఉద్యోగం పోతే పోయిందనుకుని, పొద్దున దాన్నలాగే పంపించేశాడు.

మధ్యాహ్నానికి ఫైలు తిరిగొచ్చింది. అయిదుగురూ కళ్లద్దాలు పెట్టుకుని, హోదా ప్రకారం చూసి, సంతకాలు చేశారు. "ముద్ర స్పష్టముగా ఉన్నది. ఆమోదించడమైనది."

సాయంత్రం ఆ సంగతి విని పెంచలమ్మ తెల్లకాగితం ఒకటి తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"రాయి. వారం రోజులు సెలవు కావాలని."

"కారణం ఏమని రాయను?"

"కారణం రాయబాక. కారణాలు రాస్తేనే కదా తిరిగొస్తుండాయి" అని, గ్లాసు అడుగు ద్రాక్షరసంలో అద్ది, కాగితం చివర ఒద్దికగా నొక్కింది.

సెలవు మంజూరైంది.